కత్తెర పాటకి రెండో సగం

పోయినవారం ముగ్గురు పిల్లల్నీ గుణదలలో ఒక కళ్యాణ మండపంలో నిలబెట్టి వచ్చేశాను. గుమ్మంలోకి ఒక పెద్దాయన వచ్చి "ఆపండి" అన్నాడు. వాళ్లు పాట ఆపారు, నేను కలం ఆపాను. వారం రోజులుగా నన్ను తిట్టుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఆ తిట్లు నాకు రావలసినవే. ఇవాళే కొత్తగా ఈ పేజీ తిప్పినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి లోపలికి తీసుకెళ్తాను. పాతవాళ్లు ఈలోగా కాఫీ కలుపుకోండి.

అనఘ, జుబియా, శరత్‌చంద్ర. ముగ్గురికీ ఇరవై నిండీ నిండనట్టు. వాళ్ల బ్యాండు పేరు ఉక్కపోత. బెజవాడలో పుట్టిన బ్యాండుకి ఇంతకన్నా నిజాయితీ ఉన్న పేరు దొరకదని నా అభిప్రాయం. అనఘ గిటార్ వాయిస్తూ పాడుతుంది. జుబియా డ్రమ్ములు వాయిస్తుంది. గన్నవరం నుంచి రోజూ బస్సులో వచ్చే శరత్‌చంద్రది బేస్ గిటార్. లాప్‌టాప్ అతనిదే కాబట్టి రికార్డింగ్ ఇంజనీరు ఉద్యోగం కూడా అతని మీదే పడింది. వీళ్లు వాయించేదాన్ని పాప్ పంక్ అంటారు. తిట్టినట్టుగా మొదలై, వీధి వీధంతా కలిసి పాడుకునేలా ముగిసే రెండు నిమిషాల పాట అన్నమాట. అలాంటివి ఆరు పాటలు, మొత్తం పన్నెండు నిమిషాలు. ఒకటి లాంగ్‌టర్మ్ కోచింగ్ మీద, ఒకటి బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ముసలివాడైపోయిన కుర్రాడి మీద, ఇంకొకటి అద్దె ఇంటి ఓనరు మీద. బెంగుళూరులో ఒక చిన్న కంపెనీ ఈ రికార్డు విడుదల చేస్తానంది. ఇవాళ సాయంత్రం ఆరింటికల్లా పాటలు అందాలి. ఆరూ ఉండాలి, ఆరింటి వరసలూ వాళ్ల సొంతవే అయి ఉండాలి. అలాగేనని ముగ్గురూ సంతకాలు చేసి పంపేశారు.

వీళ్ల గోలకి గది ఇచ్చే స్టూడియో ఊళ్లో దొరకలేదు గానీ, ఆషాఢ మాసం దొరికింది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కనక కళ్యాణ మండపాలు ఖాళీగా పడుంటాయి. ఈ ఉపాయం జుబియాది. పెళ్లి బ్యాండు ఇంట్లో పుట్టిన పిల్లకి ముహూర్తాల సంగతి మన అందరికన్నా బాగా తెలుసు. వెంకటరత్నమ్మ కళ్యాణ మండపం మేనేజరు తిరుపతిరావు, 'గోడలకి దెబ్బ తగలకపోతే చాలు' అని తాళాలిచ్చాడు. వధూవరులు కూర్చునే వేదిక మీద డ్రమ్ములు పెట్టారు. పెళ్లికూతురి గదిలో గోడల వెంట పరుపులు నిలబెట్టి, ఆ మధ్యలో నిలబడి అనఘ పాడింది. భోజనాల హాల్లో బేస్ గిటార్ స్పీకరు పెట్టి దాని మీద దుప్పటి కప్పారు. ఇప్పుడు ఆషాఢం అయిపోవస్తోంది. ఇవాళ ఐదింటికి రంగులు వేసేవాళ్లు వస్తారు. ఆ తర్వాత హాలు వీళ్లది కాదు.

ఇంకొక్కటి చెప్పాలి. ఆరో పాట పేరు కత్తెర. తొమ్మిది రోజుల కిందట అనఘ నడుము దాకా ఉన్న జడని మెడ దాకా కత్తిరించేసుకుని, ఆ సాయంత్రమే ఈ పాట రాసింది. వాళ్లమ్మ రమాసుందరి ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఆ రోజు నుంచి ఆవిడ కూతురితో ఒక్క మాట మాట్లాడలేదు. పొద్దున్నే టిఫిన్ బల్ల మీద పెడుతుంది, చెప్పులేసుకుని కాలేజీకి వెళ్లిపోతుంది.

సరే, లోపలికి రండి. మధ్యాహ్నం రెండు దాటింది.

*

గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన జుబియా వాళ్ల దాదా, అంటే తాత, అబ్దుల్ రవూఫ్. వన్‌టౌన్‌లో ముప్పై ఏళ్లు పెళ్లి బ్యాండు నడిపిన మనిషి. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు. తెల్ల లాల్చీ చెమటకి వీపుకి అంటుకుపోయి ఉంది. చంకలో ఎర్ర గుడ్డ చుట్టిన మూట ఒకటి ఉంది. ఆటోలో వచ్చినట్టున్నాడు, ఇంకా రొప్పుతున్నాడు.

జుబియా పుల్లలు కింద పెట్టి వేదిక మీంచి ఒక్క దూకు దూకింది.

"దాదా, అడుగుదామనే అనుకున్నా. నువ్వు నిద్రపోతున్నావని..."

"ఏం అడుగుదామనుకున్నావు?"

"సైడ్ డ్రమ్ము. అటక మీంచి నేనే దించా. సాయంత్రానికల్లా మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టేస్తా. ఒట్టు!"

"నేను పడుకునేది ఆ అటక కిందే కదే! నువ్వు దించిన రోజే తెలుసు నాకు. డ్రమ్ము గురించి ఎవరు మాట్లాడారిప్పుడు?" ఆయన వచ్చి మొదటి వరస కుర్చీలో కూర్చున్నాడు. మూట ఒళ్లో పెట్టుకున్నాడు. "మూడు రోజుల్నుంచి నీ ఫోన్లో ఒక పాట మోగుతోంది. గోడ అవతల్నుంచి వింటున్నా. ఆ పాటే పెట్టండి. మొదట్నుంచీ చివరిదాకా వినాలి."

"ఏ పాట తాతగారూ?" అన్నాడు శరత్.

"ఏమో బాబూ, అమ్మాయి జడ లేదని అరుస్తూ ఉంటుంది."

శరత్‌కి నవ్వొచ్చింది గానీ మింగేసి మీట నొక్కాడు. స్పీకర్లలోంచి కత్తెర వచ్చి హాలంతా గుద్దింది. జుబియా డ్రమ్ములు ముందు, వాటి వెనక గిటారు, ఆ పైన అనఘ గొంతు.

*వద్దన్నావని కాదు, కావాలని కత్తిరించా*
*అద్దంలో ఎవరో ఉంటే హలో అని పలకరించా*
*జడ లేదు వెనక! లాగేదెవరింక!*

నిజం చెప్పాలంటే ఆరు పాటల్లో ఇదే పాట. మిగతా ఐదూ బాగుంటాయి, ఇది మనిషిని కుర్చీలో కూర్చోనివ్వదు. కానీ దీనికొక లోపం ఉంది. నిమిషం నలభై సెకన్లకి ఠక్కున ఆగిపోతుంది. పంక్ పాటలు అలాగే ఆగాలి అని శరత్ వాదిస్తాడు. అనఘకి మాత్రం అక్కడ ఇంకేదో ఉండాలని, తనకి దొరకట్లేదని రాసిన రోజు నుంచీ మనసులో పీకుతూనే ఉంది.

పాట ఆగింది.

అప్పుడు అబ్దుల్ రవూఫ్ కళ్లు మూసుకుని, పాట ఆగిన చోటు నుంచి అందుకున్నాడు. మాటల్లేవు, ఉత్త వరస. గొంతు గరగరలాడుతోంది. పైకి వెళ్లి, అక్కడ ఒక్క క్షణం నిలబడి, చుట్టు తిరిగి, మెల్లగా మొదటి లైను దగ్గరికి వచ్చి చేరింది.

అనఘ వెతుకుతున్నది అదే. చుట్టుపక్కల ఇంకేదో కాదు, సరిగ్గా అదే.

"బాబోయ్," అన్నాడు శరత్, "దీనికి రెండో సగం ఉందా?"

"మొదటి సగం మీకెలా వచ్చిందో ముందు అది చెప్పండి" అన్నాడు ఆయన.

"నేను కట్టాను" అంది అనఘ. గొంతు తను అనుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది. "మా ఇంట్లో, నా గదిలో, నా గిటారు మీద కట్టాను. మీరు మూడు రోజులుగా వింటున్నారు, విని దానికి తోక తగిలించారు. చాలా బాగుంది, కాదనను. కానీ పాట నాదే తాతగారూ."

ఆయన ఎర్ర గుడ్డ ముడి విప్పాడు. అందులో నల్ల పెట్టె. పెట్టెలో ముక్కలు ముక్కలుగా క్లారినెట్. ముక్కలు ఒకదానిలో ఒకటి బిగించాడు. ఊదేచోట బిగించే సన్నటి రెల్లు ముక్క, రీడు, నోట్లో పెట్టుకుని తడుపుతూ చాలాసేపు కూర్చున్నాడు. జుబియా నోరు తెరిచి చూస్తోంది. తనకి ఊహ తెలిశాక దాదా ఆ పెట్టె తెరవడం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు.

ఆయన వాయించాడు. మొదట గాలి, తర్వాత ఒక కీచు, ఆ తర్వాత పాట. కత్తెరే, కానీ నింపాదిగా, మనుషులు నడుస్తూ వెళ్లే వేగంలో. అనఘ కోపంగా అరిచే చోట ఆ క్లారినెట్ ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నట్టుంది. మొదటి సగంలో ఒక్క స్వరం తేడా లేదు. అక్కడ ఆగకుండా రెండో సగంలోకి వెళ్లి, పూర్తి చేసి, ఆయన పెదవులు తుడుచుకున్నాడు.

"ఇది మూడు రోజుల్లో కట్టిన తోక కాదు తల్లీ. ఇరవై నాలుగేళ్ల కింద కట్టింది."

*

అనఘ ఊరుకునే రకం కాదని పాతవాళ్లకి తెలుసు. వేదిక అంచున కూర్చున్నది లేచి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"సరే, మీదే. మరి మీరు ఊళ్లో పెళ్లిళ్లలో వాయించుంటారు కదా? నేను చిన్నప్పుడు ఏ ఊరేగింపులోనో వినుంటాను. తెలిసి తీసుకోలేదు. అది దొంగతనం కాదు కదండీ?"

"దొంగతనం అని నేనన్నానా? కానీ ఊరేగింపులో వినడం కుదరదు. ఈ వరస నేనెక్కడా వాయించలేదు."

"అదేంటి?"

రవూఫ్ క్లారినెట్ ఒళ్లో పెట్టుకున్నాడు. "జుబియాకి తెలుసు, మీకు తెలీదు. మా బ్యాండులో ఒక పద్ధతుండేది. పెద్ద పెళ్లి ఒప్పుకుంటే దారంతా అందరికీ తెలిసిన సినిమా పాటలే వాయించేవాళ్లం. ఊరేగింపు పెళ్లికూతురి వీధిలోకి తిరిగే మలుపుంటుందే, అక్కడ మాత్రం కొత్త వరస. ఆ పెళ్లి కోసమని కట్టింది. మలుపు వరస అనేవాళ్లం. మేడ మీదున్న పెళ్లికూతురు ఆ వరస వినగానే, వచ్చేశారు అని తెలుసుకోవాలి. ఒక ఇంటికి కట్టింది ఇంకో ఇంటికి వాయించం. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట తప్పలేదు."

"ఇది ఎవరి పెళ్లికి కట్టారు దాదా?" అంది జుబియా.

"జరగని పెళ్లికి. మలుపు దాకా వచ్చాం. వరస ఎత్తకముందే పెళ్లివారు వెనక్కి తిరిగారు. దాంతో ఇది నా దగ్గరే ఉండిపోయింది."

"ఎందుకు తిరిగారు?"

"ఏమోనమ్మా" అన్నాడు ఆయన, రీడు మీద లేని దుమ్ము తుడుస్తూ. అబద్ధం చెప్పడం అలవాటు లేనివాళ్లు ఇలాగే ఏదో ఒకటి తుడుస్తుంటారు.

శరత్ ఇంజనీరు బుర్ర మాత్రం పాట దగ్గరే ఉంది. "ఎక్కడా వాయించలేదంటే ఎవరూ విని ఉండకూడదు కదండీ? ప్రాక్టీసు చేసి ఉంటారుగా?"

"షాపులోనే చేసేవాళ్లం, షట్టరు దించుకుని. నెల రోజులు చేశాం. షట్టరు చప్పుడుని ఆపుతుందా బాబూ? పెళ్లికూతురి ఇల్లు మా షాపుకి ఎదురు మేడే. రోజూ సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి వినేది. నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ని. జానకిరామయ్య మాస్టారి అమ్మాయి."

అనఘ చేయి దానంతటదే మెడ వెనక్కి వెళ్లింది, జడ ఉండే చోటికి.

"జానకిరామయ్య మా తాతయ్య" అంది.

తిరుపతిరావు బయట ఎవరితోనో ఫోన్లో రంగుల డబ్బాల గురించి అరుస్తున్నాడు.

"మా అమ్మ" అంది అనఘ మళ్లీ. "పదో తరగతి దాకా రోజూ మా అమ్మే జడ వేసేది. వేస్తూ ఏదో కూనిరాగం తీసేది. జడ అయిపోయి రిబ్బను కట్టగానే ఆపేసేది. నాకు ఎప్పుడూ అక్కడి దాకే... అందుకే నాకు సగమే..."

జడ కత్తిరించుకున్న సాయంత్రం, అమ్మ మీద కోపంతో రాసిన పాటకి అమ్మ వరసే వచ్చి కూర్చుంది. అది కూడా జడ పొడుగే వచ్చింది. నేను కథలు రాసేవాణ్ని కాబట్టి ఇలాంటివి కల్పిస్తానని మీరనుకుంటారు. మీ నోట్లో తిరిగే వరసలు ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఒకసారి ఆలోచించండి, అప్పుడు నన్ను నమ్ముతారు.

"మా అమ్మకి చప్పుడు పడదు" అంది అనఘ నెమ్మదిగా. "అమ్మానాన్నల పెళ్లి ఫొటోల్లో బ్యాండు లేదేంటని అడిగితే అదే చెప్పింది. చప్పుడు పడదని. నా గిటారంటే కూడా అందుకే..."

*

మూడు ఇరవై. ఎవరో ఒకరు అసలు సంగతి ఎత్తాలి. ఎత్తింది శరత్.

"మనం సంతకం పెట్టాం అనఘా. ఆరు వరసలూ మనవేనని."

"తీసేద్దాం" అంది అనఘ.

"ఐదు పాటలు పంపితే వాళ్లు తీసుకోరు. అందులోనూ ఇది లేకుండా! వాళ్లకి నచ్చిందే ఇది కదా?"

"నాది కానిదాన్ని నాదని పంపమంటావా?"

"అలా కాదు. కట్టింది అబ్దుల్ రవూఫ్ అని రాద్దాం. ఆయన ఒప్పుకున్నారని ఒక కాగితం జత చేద్దాం. అప్పుడు తప్పేముంది?"

జుబియా వాళ్ల దాదా మోకాళ్ల దగ్గర కూర్చుండిపోయింది. "ఇవ్వు దాదా. ప్లీజ్. ఇరవై నాలుగేళ్లు అటక మీద పెట్టావు, ఇంకా ఎన్నాళ్లు పెడతావు?"

ముసలాయన మనవరాలి నెత్తి మీద చెయ్యేశాడు. "నాదైతే ఈపాటికి ఇచ్చేసేవాణ్ని బేటా. ఎవరి పెళ్లికి కట్టానో వాళ్లది. ఆ అమ్మాయి ఒప్పుకుంటే తీసుకోండి. లేకపోతే లేదు."

ఆ అమ్మాయి అంటే రమాసుందరి. తొమ్మిది రోజులుగా కూతురితో మాట్లాడని రమాసుందరి. శరత్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

ఇక్కడ కథ నీరుకారిపోవాల్సింది. కాపాడింది జుబియా. ఆ పిల్ల ఏడుపు మొహంతోనే వేదిక ఎక్కి పుల్లలు అందుకుంది. "ఒప్పుకోదనే అనుకుందాం. కానీ ఒక్కసారి పూర్తిగా వాయిద్దాం. పంపడానికి కాదు, మన కోసం. దాదా, నువ్వు కూడా రా. మా స్పీడులో వాయించగలవా?"

"మీ స్పీడేంటి," అన్నాడు ఆయన లేస్తూ, "మా బ్యాండు వెనక మీ శరత్ పరిగెత్తాల్సి వచ్చేది."

శరత్ ఉన్న నాలుగు మైకుల్లో ఒకటి పూలస్టాండుకి కట్టి ఆయన ముందు పెట్టాడు. అనఘ ఈసారి పెళ్లికూతురి గదిలోకి వెళ్లలేదు, వేదిక మీదే నిలబడింది. జుబియా పుల్లలు నాలుగుసార్లు కొట్టింది, అందరూ ఒక్కసారే దూకారు.

ఆ రెండున్నర నిమిషాల గురించి రాయడం నాకు చేతకాదు, అయినా రాస్తాను. మొదటి సగం ఎప్పటిలాగే వెళ్లింది, గిటారు గీరుతూ, డ్రమ్ము తరుముతూ. ఠక్కున ఆగే చోటు వచ్చింది. అలవాటు ప్రకారం ముగ్గురూ ఆగబోయారు. క్లారినెట్ ఆగలేదు. వాళ్ల ఖాళీలోకి ఒంటరిగా పైకి లేచింది. జుబియా డ్రమ్ము పరిగెత్తుకెళ్లి దాన్ని అందుకుంది, శరత్ బేస్ ఆ వెనకే వచ్చింది. అనఘ దగ్గర ఆ సగానికి మాటల్లేవు. ఉన్న ఒక్క లైనే పాడింది. లాగేదెవరింక, లాగేదెవరింక అని, నాలుగుసార్లు. మొదటిసారి సవాలుగా వచ్చింది. నాలుగోసారికి నిజంగా అడుగుతున్నట్టు వచ్చింది. పాట తిరిగి మొదటి లైను దగ్గరికి చేరి ముగిసేసరికి అనఘ కళ్లు తడిసిపోయి ఉన్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. తిరుపతిరావు ఫోను కట్ చేసి గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టాడు.

"రికార్డయింది" అన్నాడు శరత్. "మొత్తం రికార్డయింది. ఒక్కసారికే. ఇంక పాతది నేను వినలేను."

ఎవరూ వినలేరు. అదీ చిక్కు. ఇప్పుడు ఈ పాట లేకుండా రికార్డు పంపడం ఎవరి వల్లా కాదు.

*

నాలుగవుతుండగా అనఘ వాళ్లమ్మకి ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టమన్నది జుబియా. నాలుగు రింగులకి ఎత్తారు. ఎత్తి, మాట్లాడలేదు. వెనకాల క్లాసు రొద వినిపిస్తోంది.

"అమ్మా" అంది అనఘ. "నువ్వు మాట్లాడకపోయినా సరే, పెట్టేయకు. రెండున్నర నిమిషాలు విను చాలు." అని ఫోన్ తీసుకెళ్లి స్పీకరు ముందు పట్టుకుంది. శరత్ మీట నొక్కాడు.

పాట అయిపోయింది. ఫోన్లో క్లాసు రొద కూడా లేదు. ఆవిడ వరండాలోకి వచ్చేసినట్టుంది.

"ఆ క్లారినెట్ ఎవరిది?" అంది రమాసుందరి. తొమ్మిది రోజుల్లో మొదటి మాట.

"రవూఫ్ తాతగారిదమ్మా."

"ఆయన అక్కడే ఉన్నారా?"

"ఉన్నారు."

"ఎక్కడ మీరు?"

అనఘ చెప్పింది.

"ఆయన్ని కదలనివ్వకు. వస్తున్నా."

ఫోన్ పెట్టేయగానే రవూఫ్ లేచి నిలబడ్డాడు. చేతులు గబగబా క్లారినెట్ విప్పుతున్నాయి. ఇందాక అంత ఓపిగ్గా బిగించిన ముక్కలు ఇప్పుడు పెట్టెలో సరిగ్గా అమరట్లేదు. "నేను వెళ్లొస్తా. నమాజు టైమవుతోంది. మీరు మాట్లాడుకోండి."

"దాదా, నమాజుకి ఇంకా టైముంది" అంది జుబియా.

అనఘ వెళ్లి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. "సారీ తాతగారూ. మా అమ్మ నాకు ఒక పని చెప్పి తొమ్మిది రోజులైంది. ఇదొక్కటీ వినకపోతే నన్ను ఇంట్లోకి రానివ్వదు."

*

నాలుగు ఇరవైకి స్కూటీ వచ్చి ఆగింది. హెల్మెట్ చేత్తో పట్టుకుని రమాసుందరి లోపలికి వచ్చింది. కుడిచేతి వేళ్లకి ఇంకా సుద్దపొడి ఉంది. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆవిడ లెక్క సగంలో వదిలేసి బయటికి రావడం ఇదే మొదటిసారి. హాలు చూసింది, వేదిక మీద డ్రమ్ములు చూసింది, కూతురి నెత్తి చూసింది.

"జుట్టు సంగతి తర్వాత" అంది. అని, ముసలాయన ముందుకొచ్చి చేతులు జోడించింది. "బాగున్నారా రవూఫ్ గారూ?"

"మీ దయ అమ్మా" అన్నాడు ఆయన, నేల చూస్తూ.

"అమ్మా, ఈ వరస నీదట" అంది అనఘ ఆత్రంగా. "నువ్వు ఒప్పుకుంటేనే ఇస్తానంటున్నారు. ఆరింటికి పంపాలి. ఐదింటికి హాలు ఖాళీ చేయాలి. నీకు నా మీద కోపమని తెలుసు..."

"పాట బాగుంది" అంది రమాసుందరి. అంత మామూలుగా అనేసరికి అనఘ నోట్లో మిగిలిన మాటలన్నీ ఆగిపోయాయి. "ఒప్పుకోవడమా మానడమా అన్నది ఈయన చెప్పే జవాబుని బట్టి ఉంటుంది. రవూఫ్ గారూ, ఆ పెళ్లి రోజు పొద్దున మా మెట్ల దగ్గర మీ చేతికి ఒక ఉత్తరం ఇచ్చాను. పెళ్లికొడుక్కి చేర్చమని బతిమాలాను. గుర్తుందా?"

"గుర్తుందమ్మా."

"ఏం ఉత్తరం?" అంది అనఘ.

"నాకు ఈ పెళ్లి ఇష్టం లేదు, ఇంకా చదువుకోవాలి, మీరే ఏదో ఒకటి చెప్పి వెనక్కి వెళ్లిపోండి అని రాశాను. మా నాన్నకి చెప్పే ధైర్యం లేక ఆ కొత్త మనిషికి రాశాను." ఆవిడ హెల్మెట్ పక్క కుర్చీలో పెట్టింది. "ఆ సాయంత్రం ఊరేగింపు మలుపు దగ్గరికి వచ్చి తిరిగి వెళ్లిపోయింది. మా నాన్న నెల రోజులు వీధిలోకి రాలేదు. ఆయన తల దించుకునేలా చేసింది నేనేనని ఇప్పటికీ ఆయనకి చెప్పలేదు. బ్యాండు చప్పుడు వింటే ఆ నెల రోజులూ గుర్తొస్తాయి నాకు. ఇరవై నాలుగేళ్లుగా ఒకటే అడగాలనుకుంటున్నా. ఆ ఉత్తరం చదివి ఆ అబ్బాయి ఏమన్నాడు? నన్ను తిట్టాడా?"

రవూఫ్ కుర్చీలో కూర్చుని పెట్టె మళ్లీ తెరిచాడు. క్లారినెట్ ముక్కలు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టాడు. పెట్టె అడుగున పరిచిన ఎర్ర మఖమల్ గుడ్డ అంచు పట్టి పైకి లేపాడు. దాని కింద పసుపు తిరిగిన ఒక కవరు ఉంది.

రమాసుందరి అందుకుంది. పైన తన చేతిరాతే. వెనక్కి తిప్పింది. జిగురు అంటించింది అంటించినట్టే ఉంది, ఎవరూ తెరవలేదు.

"ఇవ్వలేదా?"

"లేదమ్మా."

అనఘ వచ్చి అమ్మ చేయి పట్టుకుంది. బయట ఆటో ట్రాలీ వచ్చి ఆగింది. రంగుల డబ్బాలు దించుతున్నారు. తిరుపతిరావు లోపలికి తొంగిచూసి వెనక్కి వెళ్లాడు.

"ఇది ఆయనకి అందకపోతే," అంది రమాసుందరి, మాట మాటా కూడదీసుకుంటూ, "మరి నా పెళ్లి ఎందుకాగిపోయింది?"

అబ్దుల్ రవూఫ్ అప్పుడు తలెత్తి ఆవిడని చూశాడు.

"ఆగిపోలేదమ్మా. మలుపు దగ్గర నేనే ఆపాను."